అన్నయ్య సాక్ష్యం

ఆదివారం పొద్దున. ప్రార్థనామందిరం వెనక చిన్న గదిలో ఇద్దరే ఉన్నారు: పాస్టరైన తమ్ముడు, ఏడేళ్ల జైలు ముగించుకుని నెల కిందట బయటికొచ్చిన అన్న.

"మళ్ళీ ఒకసారి చెప్పు అన్నయ్యా. తడబడకుండా."

"నేను రొట్టెల వ్యాను నడిపేవాణ్ణి. ఆ రోజు తాగి బండి తోలాను. సైకిలు మీద వెళ్తున్న తొమ్మిదేళ్ల పాపని గుద్దేశాను. చాలా?"

"గుద్దేశాను కాదు, చంపేశాను. నువ్విలా నాన్చుతూ చెప్తే ఎవరి మనసూ కదలదు."

"గుద్దినప్పుడు నేను తాగి లేనురా."

"అబ్బా! మొదలెట్టావా?"

"తాగింది నువ్వు. ఒక్కసారి తోలుతానని తాళాలు లాక్కుందీ నువ్వే. నేను పక్క సీట్లో ఉన్నాను."

"మెల్లిగా! తలుపవతల జనం ఉన్నారు."

"నీ పెళ్ళానికి నెలలు నిండాయని నేరం నామీద వేసుకున్నాను. పోలీసులొచ్చేలోగా నీ సీసాలో మిగిలింది గటగటా తాగేశాను, వాసన రావాలని."

"నేను మాత్రం సుఖంగా ఉన్నానా? రెండేళ్లు కంటిమీద కునుకు లేదు. ప్రభువు కాళ్లమీద పడ్డాను. ఆయన నా పాపం కడిగేశాడు. కడిగేశాక ఇంకెక్కడిది?"

"నీ దగ్గర లేదు, సరే. మరెవరి దగ్గరుంది?"

"నువ్వు తీసుకున్నావుగా! నేనేమైనా బతిమాలానా? ఒకరి శిక్ష ఇంకొకరు మోయడమే విమోచన. వారం వారం నేను చెప్పేదీ అదే."

"మోసినవాణ్ణి నెల రోజుల్నించి నీ ఇంటి గడప తొక్కనివ్వలేదే?"

"పిల్లలు జడుసుకుంటున్నారు. సంఘంలోవాళ్ళు ఏమనుకుంటారు, హంతకుణ్ణి ఇంట్లో... అంటే, వాళ్ళ మాట చెప్తున్నా. ఇవాళ అందరిముందూ పాపం ఒప్పుకుని సాక్ష్యం చెప్పు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. పెదనాన్న వస్తాడని పిల్లలకి చెప్తాను."

"చెప్తావా? నిజంగా?"

"సాక్ష్యం బాగా కుదిరితే."

"ఆ పాప తల్లి కూడా వస్తుందటగా."

"నాలుగేళ్లయింది, ఒక్క ఆదివారం మానలేదు. ముందు వరసలో కూర్చుని రెప్పకొట్టకుండా నన్నే చూస్తుంది. నా వాక్యం విని మారిన మనిషి. నువ్వు ఆవిడ కాళ్లు పట్టుకో, ఆవిడ క్షమించానంటుంది. మందిరం మొత్తం బావురుమంటుంది చూడు."

"నన్ను క్షమించడానికి ఆవిడ దగ్గరేం మిగిలిందిరా?"

"అంటే?"

"మూడో ఏడు జైలుకొచ్చింది, నన్ను తిట్టిపోయడానికి. ఎందుకో తిట్టలేకపోయింది. నా బిడ్డ చివర్లో ఏమైనా అందా అనడిగింది."

"నువ్వేమన్నావు?"

"అమ్మా అంది తల్లీ, అన్నాను. బండిలో ఉన్నవాడివి నీకెలా వినపడిందంది. దిగి ఒళ్ళో పెట్టుకున్నానమ్మా, తోలినవాడు దిగలేదు, అన్నాను. నోరు జారింది. ఆ తర్వాత దాచలేకపోయాను."

"అన్నయ్యా!"

"ఎవరికీ చెప్పద్దమ్మా, నా తమ్ముడికి పసిపిల్లలున్నారని దణ్ణం పెట్టాను. సరే, వాడి నోటితోనే వింటానంది. అందుకొస్తోందిరా ఆవిడ. నీ వాక్యానికి కాదు. ఇవాళైనా చెప్తాడేమోనని. వెళ్ళి చెప్పరా. నీ పక్కనే నిలబడతాను. చెయ్యి పట్టుకుంటాను, చిన్నప్పుడు పట్టుకున్నట్టు."

"ఇంకెవరికైనా చెప్పిందా?"

"లేదు."

"నాలుగేళ్లలో? ఒక్కరికి కూడా?"

"ఒక్కరికి కూడా."

"అయితే ఇంక చెప్పదు. పద అన్నయ్యా, పిలుస్తున్నారు."