ఐదు నిమిషాలు

హలో… ఆ, నేనే అక్కా. మందుల గదిలో ఉన్నా, చెప్పు. బావకెలా ఉంది?

…

ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి సెప్సిస్ అయిందన్నారా? కిడ్నీలు కూడానా?… సంచిలో యూరిన్ ఎంతుంది?… అంతేనా!

…

ఏ కాగితం మీద సంతకం పెట్టావ్?… కిడ్నీల్ని కాపాడే ఎంజైమా? ఆ కొత్త మందు పరీక్ష మా దగ్గరే జరుగుతోంది. భయపడకు. మామూలు వైద్యం ఎలాగూ చేస్తారు, ఇది దాని మీద అదనం.

…

లేదక్కా, అందరికీ ఎంజైమ్ ఇవ్వరు. సగం మందికి వట్టి ఉప్పునీళ్ళే… డాక్టరుకీ తెలీదు, నర్సుకీ తెలీదు. కవరు విప్పి సిరంజీ నింపేది నేను, నాకొక్కదానికే తెలుస్తుంది. నాకూ పేర్లు తెలీవు, నంబర్లే.

…

నర్సు ఎలా కనిపెడుతుందంటావా? ఎంజైమ్ పొడిని ఊపితే నురగొస్తుంది. అందుకే అరచేతుల మధ్య ఐదు నిమిషాలు దొర్లించి కరిగించాలి. ఉప్పునీళ్ళకి ఆ పనే లేదు. అయినా గడియారం చూస్తూ ఐదు నిమిషాలు కూచుని, అప్పుడే కిటికీలోంచి ఇస్తా. లేకపోతే బయట నర్సు ఇట్టే పసిగట్టెయ్యదూ! నేను పెట్టిన పద్ధతే, తెలుసా?

…

బావ చేతి పట్టీ మీద నంబరుందా? చదువు… నలభై ఒకటి?… మళ్ళీ చదువు.

…

ఉన్నా… కవరు మీద చూస్తున్నా. ఇప్పుడు నా ముందున్నది ఆ నంబరే.

…

ఇందులో ఏదుందో అడగకక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా, అది మాత్రం అడగకు… తోడబుట్టినదాన్నే, కాదన్నానా?

…

ఉప్పునీళ్ళైతే మార్చమంటావా? ఎలా మారుస్తా? ఇన్నాళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరే… అసలు ఎంజైమ్ మేలు చేస్తుందని ఎవరు చెప్పారు? తెలీకే కదా ఈ పరీక్ష!

…

ఎవరికప్పగించను? ఈ పని చేసే రెండో ఆవిడ సెలవు. ఇది అందించేదాకా నేను తలుపు తియ్యకూడదు. నర్సేమో మూసిన కిటికీ అవతలే కాచుకుని ఉంది. బోనులో ఎలుకలా ఇరుక్కుపోయానక్కా.

…

నేనెందుకు ఏడుస్తా? జలుబు.

…

ఇప్పుడా? ఏం చెయ్యట్లేదక్కా… ఊరికే గడియారం చూస్తూ కూచున్నా.

…

అక్కా?… ఎందుకలా మాట్లాడవు?

…

అయ్యో. కాదక్కా, విను… నేనేమీ అనలేదు… పెట్టెయ్యకు… అక్కా—

హలో?… హలో?

…ఆ, వస్తున్నా సిస్టర్. ఆగండి, ఇంకో నిమిషం ఉంది.