అద్దం గది గుమ్మంలో

ఉపగ్రహంలో పంపబోయే అతినీలలోహిత కెమెరా ఆ గదిలోనే ఉంది. ఏళ్ల తరబడి కూర్చుని దాని అద్దాన్ని రూపొందించిన పెద్దాయన తెల్లకోటు తొడుక్కుని వచ్చేసరికి, ఆ గది చూసుకునే ఇంజనీరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“మోకాలికి ఏం రాసుకున్నారు సార్?”

“ఏమీ లేదమ్మా.”

“ఘాటు ఇక్కడిదాకా కొడుతోంది.”

“కాస్త నొప్పుల మందు. అద్దానికి ముక్కుందా ఏంటి?”

“ఆ ఆవిరి అద్దం మీద పొరలా పట్టేస్తుంది. మన కంటికి కనబడదు గానీ, నక్షత్రాల నుంచి వచ్చే అతినీలలోహిత కాంతిని మింగేస్తుంది.”

“నాకే పాఠమా? ఇంతకీ ఈ రూలు పెట్టిన మొండిఘటం ఎవడు?”

“మీరే సార్. నేను చేరిన రోజే, ముఖానికి క్రీము రాసుకొచ్చానని ఇంటికి పంపేశారు.”

పెద్దాయన తలుపుకున్న గాజు పలకలోంచి లోపలికి తొంగిచూశాడు.

“నాలుగింటికి కెమెరాకు మూత బిగించేస్తారు. మళ్లీ అది తెరుచుకునేది ఆకాశంలోనే. ఒక్కసారి దగ్గరగా చూసుకోనివ్వమ్మా.”

ఆమె గడియారం వంక చూసింది. అయినా పక్కకు జరగలేదు.

“ఇంటికెళ్లి శుభ్రంగా స్నానం చేసి రండి. అందాకా మూత ఆపిస్తాను.”

“నా కోసం పని ఆపావంటే నీ ఉద్యోగం ఊడగొడతాను.”

“ఐదింటికి మీరు రిటైరైపోతారు కదా సార్. మూత ఆరింటికి బిగిస్తాం.”

ఆయన కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

“సబ్బు మాత్రం వాసన లేనిది వాడండి,” అందామె.