తొండియార్‌పేట బడిలో సీతాలక్ష్మి గారి తోట

1961 జూన్ 12వ తేదీన శ్రీమతి సీతాలక్ష్మి గారు తొండియార్‌పేటలోని మన తెలుగు పాఠశాలలో ప్రకృతిశాస్త్ర ఉపాధ్యాయినిగా ప్రవేశించారు. నాటినుండి మన సంస్థతో పెనవేసుకొన్న వారి ఉద్యోగ జీవితం ఈ 1984 మే నెలాఖరుతో ముగియనున్నదన్న వార్త, సహోద్యోగులమైన మాకు సంతోషంకన్న వెలితినే ఎక్కువగా కలిగిస్తున్నది.

వారు చేరిననాటికి పాఠశాల వెనుక స్థలం బొగ్గు బూడిదతోను, ఉప్పు ఇసుకతోను నిండి గడ్డిపరకకైనా నోచుకోక పడి ఉండేది. మొక్కల పాఠాన్ని నల్లబల్లమీద బొమ్మ గీసి ముగించడం వారి మనస్సుకు నచ్చలేదు. చచ్చిన నేలకు ముందుగా ప్రాణం పోయాలని సంకల్పించి, 1964లో విద్యార్థులచేత ఒక మూల ఎరువు గుంత తవ్వించారు. మధ్యాహ్న భోజనశాలలోని కూరగాయల తొక్కలు, రాలిన వేపాకులు, పూలంగళ్ళలో మిగిలిన వాడిన పూలు అందులోకి చేరసాగాయి.

ప్రహరీ ఆవల కాపురముంటున్న కాళియమ్మ అనే హార్బరు కూలీ ఒకనాడు తరగతి వాకిట నిలిచి, "టీచరమ్మా, మేము ఈడ కాపురం చేసేదా వద్దా? ఆ గుంత కంపుకి బిడ్డ అన్నం ముట్టలేదు" అని నిలదీసింది. తడి తొక్కలపై మన్ను కప్పడం పిల్లలు మరచారని గ్రహించిన సీతాలక్ష్మి గారు, "తప్పు మాదే అక్కా. కంపు పోకుంటే గుంత నేనే పూడ్పిస్తాను" అన్నారు. కొంగు నడుముకు దోపి, పార పుచ్చుకొని, కుళ్ళినదంతా తిరగవేసి, ఎండుటాకులూ మన్నూ పొరలుగా పరచారు. కంపు అణిగింది. కొన్నాళ్ళకు కాళియమ్మే తన ఇంటి తొక్కలను బుట్టలో తెచ్చి గోడమీదుగా అందించసాగింది.

ఆ ఎరువు వేసి వెనుక స్థలంలో పిల్లలచేత మడులుగా పెంచిన తోటలో పండిన బెండ, వంగ, తోటకూర ఏళ్ళ తరబడి పిల్లల కంచాల్లోకి వచ్చాయి. చదువులో వెనుకబడిన పిల్లలు సైతం తమ మడి చూపించడానికి తల్లిదండ్రులను బడికి పిలుచుకొని వచ్చేవారు.

1978 నాటికి విద్యార్థుల సంఖ్య పెరిగి, చిన్న తరగతులు తాటాకు పందిరి కింద వానకు తడుస్తూ సాగుతుండేవి. రెండు గదులకు నిధులు మంజూరైనా, కట్టడానికి తోట తప్ప వేరు చోటు లేదు. ఆ మాట ఎత్తలేక ప్రధానోపాధ్యాయులు వెంకటాచలపతి గారు తటపటాయిస్తుండగా, సీతాలక్ష్మి గారే ఉపాధ్యాయుల సమావేశంలో లేచి, "తోట మళ్ళీ వేసుకోవచ్చు సార్. వచ్చే వానలకు పిల్లకాయలు తడవకూడదు" అన్నారు. పిల్లలు చూడకుండా సెలవుల్లోనే తవ్వకం జరగాలని మాత్రం కోరారు. తవ్వకం మొదలైన ఉదయం తాము వచ్చి, చివరి మడి చదునయ్యేవరకు ఎండలోనే నిలుచున్నారు. గుంతలో మిగిలిన ఎరువును బుట్టలతో ఇరుగుపొరుగుకు పంచుతుండగా, కాళియమ్మ తన బుట్ట అందుకొని, "ఇంక మా తొక్కలు యాడ ఏసేది టీచరమ్మా?" అని అడిగింది.

తోటకు వేరొక స్థలం చూపుతామన్న పాలకవర్గంవారి వాగ్దానం నేటికీ నెరవేరలేదు. ఏటా జూన్‌లో సీతాలక్ష్మి గారు ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తూనే వచ్చారు. మిద్దెమీద డబ్బాల్లో నాలుగు మొక్కలు పెంచి పాఠం చెప్పారేగాని, ఎవరినీ నిందించలేదు. అందుకే ఈ అభినందన వేళ మా సంతోషంలో చింత కలిసి ఉన్నది.

ఇకమీదట వారు మైలాపూరులో చెల్లెలుగారి ఇంట నివసింపనున్నారు. ఆ ఇంటి పెరడు చిన్నదని విన్నాము. భగవంతుడు వారికి పూర్ణాయుష్షును, నడుము వంచి మొక్క నాటగల ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఎవరికోసమూ మళ్ళీ వదులుకోవలసిన అగత్యం రాని పిడికెడు నేల వారికి దక్కుగాక!

వీరరాఘవులు,
తెలుగు పండితులు