బ్రెడ్డు మీద యోకాన్

క్యోటోలో, నిషిజిన్ పేటలో తొమోయె గారి కాఫీ హోటలు, పొద్దున్న పూట. ఎర్ర చిక్కుడు గింజలతో యోకాన్ అనే గట్టి హల్వా చేసే ఏడు తరాల మిఠాయి కొట్టు నడిపే గెంజిరో, ఆయన అన్న కూతురు చిగుసా ఎదురెదురుగా కూర్చున్నారు. మిఠాయి వంశమే గానీ, గెంజిరో గారు రోజూ తినేది మాత్రం ఇక్కడి వెన్న రాసిన బ్రెడ్డు.

"ఏమిటే చిగుసా ఇది? బల్ల తుడుచుకునే గుడ్డా?"

"యోకానే బాబాయ్. పల్చగా రేకులా పోశాను. బ్రెడ్డు మీద పరిచి కాలిస్తే కరుగుతుంది."

"కరుగుతుందా! గట్టిపడాలనే కదే మన తాతలు గరిటె తిప్పీ తిప్పీ భుజాలు పడేసుకున్నది! గింజలు ఉడికించి, రుబ్బి, పంచదార పోసి, గడ్డకట్టించి, తీరా నువ్వొచ్చి కరిగిస్తావా?"

"ఒక్కసారి రుచి చూడరాదూ?"

"నడిమధ్యన ఈ పసుప్పచ్చ బిళ్ళేమిటి?"

"వెన్న."

"వెన్న! విన్నారా తొమోయె గారూ? టీ వేడుకలు జరిపే గురువుల ఇళ్ళకి మిఠాయి పంపే కొట్టు మాది. ఇప్పుడు వెన్న యోకాన్ చేస్తుందిట. రేపు దాని మీద గుడ్డు కూడా కొట్టి పోస్తుంది."

"మీ బ్రెడ్డు చల్లారిపోతోంది గెంజిరో గారూ. ఇంకాస్త వెన్న వెయ్యమంటారా?"

"వెయ్యండి, వెయ్యండి. చూడవే అమ్మాయ్, బ్రెడ్డు మీద గింజల ముద్ద పూసుకోవడం నగోయా ఊరి వాళ్ళ పని. వాళ్ళకి అన్నీ చెల్లుతాయి. మనం క్యోటో వాళ్ళం."

"క్యోటో వాళ్ళం కాబట్టే పొద్దున్న లేచి బ్రెడ్డు తింటున్నావా?"

"ఇది నా ఫలహారం. దానికీ దీనికీ ముడిపెడతావేం?"

"మన కొట్లో యోకాన్ నువ్వు తిని ఎన్నాళ్ళయింది బాబాయ్?"

"నా పళ్ళు బాగోలేవు."

"ఇది మెత్తగానే ఉంటుంది."

"మాటకి మాట! అచ్చం మా వదినే."

"సరే, అసలు సంగతి చెప్పు. ఆదివారం నాన్న సంవత్సరీకం. వచ్చిన వాళ్ళకి ఇంటికి పట్టుకెళ్ళడానికి ఏం ఇస్తున్నాం?"

"ఏమిస్తాం? నల్ల యోకాన్. ఎప్పుడూ ఇచ్చేదే."

"నాది ఇద్దామంటున్నాను. మన కొట్టు పేరు వేసి."

"అన్నయ్య సంవత్సరీకానికి బ్రెడ్డుకి కప్పే దుప్పట్లు పంచుతావా? మంత్రాలు చదవడానికొచ్చిన గురువు గారికేం చెప్పను? 'స్వామీ, ఇంటికెళ్ళి బ్రెడ్డు మీద పరుచుకుని కాల్చుకోండి' అనా?"

"నవ్వుకో. నవ్వడం అయ్యాక ఔనో కాదో చెప్పు. కాదంటే సోమవారం నుంచి కొట్టుకి రాను."

"రాక ఎక్కడికి పోతావేం?"

"కోబెలో ఒక బేకరీ వాళ్ళు రమ్మన్నారు."

"వెళ్ళు, వెళ్ళు! అక్కడైతే వెన్నలో ఈత కొట్టొచ్చు."

"ఏడు తరాల కొట్టు, ఏడు తరాల కొట్టు అంటావు కదా. నీకా పిల్లల్లేరు. నేను పోతే ఎనిమిదో తరం ఎవరు బాబాయ్?"

"తొమోయె గారూ, ఈ కాఫీ ఏమిటి ఇంత చేదుగా ఉంది?"

"మాట మార్చకు."

"నేనెక్కడ మార్చాను? అయినా వద్దన్నది నేనా? మీ నాన్న కాదూ? కిందటేడు ఇదే నువ్వు చేసి తెస్తే ఏం చేశాడు? నా కళ్ళ ముందే కాగితంలో చుట్టి బయటికి పట్టుకుపోయాడు, పారెయ్యడానికి."

"ఒక్క మాట కూడా అనలేదు నాన్న. తిట్టినా బాగుండేది. ఏడాది పైనుంచీ అదే నన్ను లోపల తొలిచేస్తోంది."

"మరి? ఆయనకి అక్కర్లేనిది ఆయన పేరు చెప్పి పంచుతావా? అన్నయ్య ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఉంటే, నేనే నీ పక్కన నిలబడి పంచేవాణ్ణి. పెట్టుకోలేదు. అంతే."

"సరే. అయితే వెళ్తాను బాబాయ్. కోబెకే వెళ్తాను."

"ఆగమ్మాయ్, కూర్చో. మీ నాన్న దాన్ని పారెయ్యలేదు."

"మధ్యలో మీరేమిటి తొమోయె గారూ?"

"మీరు కాస్త ఊరుకోండి గెంజిరో గారూ. అమ్మాయ్, ఆ పొట్లం ఇక్కడికే తెచ్చారు. ఆ మూల కూర్చుని, 'బ్రెడ్డు కాల్చి పట్రండి. వెన్న వద్దు, మా అమ్మాయి వేసేసింది' అన్నారు."

"నాన్నా? నాన్న తిన్నాడా?"

"తినడమా! వేళ్ళు నాక్కున్నారు. ఆసుపత్రిలో చేరేదాకా రోజూ వచ్చారు. నువ్వు చేసింది అయిపోతే కొట్లో యోకానే పల్చగా కోసి, కాగితంలో చుట్టి తెచ్చుకునేవారు."

"అబద్ధం! రోజూ పొద్దున్న నేను ఇక్కడే కదా ఏడుస్తాను! నాకెప్పుడూ కనపడలేదే!"

"మీరు రాకముందే వెళ్ళిపోయేవారు. ఒక్కోసారి మీ గొంతు వీధిలో వినపడేది. అంతే, మిగిలింది నోట్లో కుక్కుకుని వెనక గుమ్మంలోంచి ఒకటే పరుగు."

"నా దగ్గర ఆయనకి దాపరికమేమిటండీ? ఇంటికి పెద్దవాడు! తింటానంటే నేను కాదనేవాణ్ణా?"

"నేనూ అదే అడిగాను. కనీసం అమ్మాయికైనా చెప్పండి అన్నాను. 'దానికి చెబితే సంబరంగా వెళ్ళి మా తమ్ముడికి చెప్పేస్తుంది. వాడు నవ్వుతాడు. వాడు నవ్వాడంటే, ఈ ముక్క ఇక నాకు గొంతు దిగదండీ' అన్నారు."