యారా నది కింద దొరికిన ప్లేటు

క్లారీ డన్‌స్టన్ నోరు తెరిస్తే ఇక ఆపేవాడు లేడు. మెల్‌బోర్న్ ట్రాముల్లో ముప్ఫై ఏళ్ళు కండక్టరు ఉద్యోగం చేసి, ఆ ముప్ఫై ఏళ్ళూ టికెట్లు అడగడానికి తప్ప దేనికీ వాడుకోని నోటిని ఇప్పుడు వడ్డీతో సహా వాడుకుంటున్నాడు. శనివారం పొద్దున్నయ్యేసరికి ఫుట్‌స్క్రేలో థనాసిస్ పాత రికార్డుల కొట్టు ముందు బెంచీ ఎక్కేస్తాడు. ఆ రోజు ఒళ్ళో గుడ్డసంచీ ఒకటి పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాడు.

"ఆల్ఫ్ గారిటీ ప్లేటు దొరికింది నాకు!" అన్నాడు.

పక్కనే ఉన్న ఊనా చేతిలో కాఫీ ఒలికింది. ఆల్ఫ్ గారిటీ ఆమె నాన్న, ఆమె చిన్నప్పుడే పోయాడు. ఆమెకి పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది కాబట్టి ఆ సంగతి అక్కడెవరికీ తెలీదు. గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్లలో ఆయన పాడే పాటల్ని ఒక స్నేహితుడు ఒకే ఒక్క గ్రామఫోను ప్లేటు మీదికి ఎక్కించి, అట్ట మీద ఆయన ఫోటో అంటించి ఇచ్చాడు. కెమెరా కనిపిస్తే పారిపోయే మనిషికి మిగిలిన ఫోటో అదొక్కటే. ప్లేటు ఊనా ఇంట్లోనే దిండు గలీబులో భద్రంగా ఉంది. లేనిది అట్ట. నాన్న గొంతుంది, ముఖం లేదు. నలభై ఏళ్ళుగా ఈ కొట్లన్నీ ఆమె తిరిగేది ఆ అట్ట కోసమే.

క్లారీ దగ్గర ప్లేటు లేదని ఆమెకి తెలుసు. కానీ అట్ట లేకపోతే ఆ పేరు అతనికెలా తెలుస్తుంది? అడుగుదామంటే భయం. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే క్లారీ అలిగి, సంచీ చంకన పెట్టుకుని పోయి, నెలరోజులు మొహం చూపించడు. ఊనా పెదవి కరుచుకుని కూర్చుంది.

"బ్రన్స్‌విక్‌లో చర్చివాళ్ళ పాతసామాన్ల కొట్టు లేదూ, దాని ముందు నుంచి ట్రాములో పోతున్నా. ముక్కుకి వాసన తగిలింది. పాత అట్ట వాసన, దానికింద గొర్రెబొచ్చు వాసన. కదిలే ట్రాము లోంచి దూకేశా."

"నీ మోకాళ్ళతోనా?" అన్నాడు థనాసిస్.

"అప్పుడు మోకాళ్ళు గుర్తుంటాయా బాబూ! బల్ల కింద పెట్టె. పైన క్రిస్మస్ పాటలు, వాటికింద వ్యాయామం ప్లేట్లు, తీస్తున్నాను, తీస్తున్నాను, దానికింద ఇంకో పెట్టె, దానికింద ఇంకోటి. భుజాల దాకా దిగా. తర్వాత నిలువునా దిగిపోయా. చీకటి! నెత్తిమీద నీళ్ళ చప్పుడు. ఏమిటా అని చెవిపెట్టి వింటే యారా నది! నది కిందినుంచి పెట్టెలు తోసుకుంటూ పోయి తల పైకెత్తానో లేదో, రిచ్‌మండ్‌లో వేరే కొట్లో తేలాను. చేతిలో ఈ ప్లేటు!"

"తడవలేదా?"

"నేను తడిశా. ప్లేటుని తడవనిస్తానా? అక్కడే బయటికి లాగి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశా. ఒక్క గీత లేదు. అట్టని చూసి కొనేవాడు మూర్ఖుడు. ప్లేటు తీసి చూడకుండా నేను కొన్నది ఈ జన్మలో లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికెళ్ళి పెట్టానా, ఆల్ఫ్ గొంతెత్తాడో లేదో, నా ఒంటిమీద ఊలు స్వెటరు దానంతటదే కత్తిరించుకుపోయి కాళ్ళ దగ్గర కుప్పపడింది!"

"చాల్లే!" అన్నాడు థనాసిస్, పొట్ట పట్టుకుని.

"ఇంకా విను. రెండో చరణానికి పక్కింటావిడ తివాచీ బోడిదైపోయింది. మూడో చరణానికి ఎక్కడో దూరాన ఉన్న జీలాంగ్ నుంచి గొర్రెలు బయల్దేరాయి. ఎలా వచ్చాయనుకున్నావ్? ట్రాములో! నాలుగొందల గొర్రెలు, వరసగా, నోట్లో టికెట్టు పెట్టుకుని. నేనే తనిఖీ చేశా. ఒక్క పొట్టేలు దగ్గరే టికెట్టు లేదు, దాన్ని దింపేశా!"

బెంచీ అంతా గొల్లుమంది. ఊనాకీ నవ్వాగలేదు. నాన్న ఉంటే పడీపడీ నవ్వేవాడు. కళ్ళు తుడుచుకుని, ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"క్లారీ, ఆ ప్లేటు ఒకసారి బయటికి తియ్యి."

"ఎందుకు తల్లీ, గాలి తగిలితే..."

"అందులో ఉన్నది బ్రాస్ బ్యాండు. ఎర్ర లేబులు, దానిమీద పెన్సిలుతో మూడుకాళ్ళ పిల్లి. తొమ్మిదేళ్ళప్పుడు ఆ పిల్లిని గీసింది నేనే. తప్పు అట్టలో దూర్చిందీ నేనే. ఆ తర్వాత మా అమ్మ ఆ అట్ట ఉన్న పెట్టెని చర్చివాళ్ళకి ఇచ్చేసింది. ఆల్ఫ్ గారిటీ మా నాన్న. ఆయన ప్లేటు మా ఇంట్లో ఉంది."

థనాసిస్ సంచీలో చెయ్యిపెట్టి, అట్టలోంచి ప్లేటు లాగాడు. ఎర్ర లేబులు. మూడుకాళ్ళ పిల్లి.

క్లారీ చెవులు ఆ లేబులు కంటే ఎర్రబడ్డాయి. ఎప్పుడూ లేనంత చిన్నగొంతుతో అన్నాడు. "నదీ లేదు, పాడూ లేదు. మొదటి పెట్టెలో మొదటిదే ఇది. అట్ట మీద ఆల్ఫ్ గారిటీ, షెడ్డు పాటలు అని చేత్తో రాసుంది. చూడగానే సంబరం పట్టలేకపోయాను తల్లీ. ప్లేటు తీసి చూడాలన్న సంగతే మర్చిపోయా."

అట్టని రెండు చేతులా ఆమెకి అందించాడు. ఎండకి కళ్ళు చికిలించి, బొచ్చు కత్తెర భుజాన పెట్టుకుని, పారిపోవడానికి ఒక కాలు ముందుకేసి నిలబడ్డాడు నాన్న. ఊనా ఆ ముఖాన్ని వేలితో తడిమింది. ఇన్నాళ్ళూ తను ఊహించుకున్న ముక్కు కంటే ఇది చాలా పెద్దది. దాన్ని చూసి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి ఆమెకి.

క్లారీ ఖాళీ సంచీ మడిచి, తలొంచుకుని లేచాడు.

"ఎక్కడికి?" అంది ఊనా. "రేపు మా ఇంటికి రా. నాన్న పాట పెడతాను. స్వెటరు మాత్రం వేసుకునే రావాలి."

క్లారీ తలెత్తాడు.

"రెండు వేసుకొస్తా," అన్నాడు. "రెండో చరణం ఉందిగా!"