కోతపండుగకు రెండో పాట

దర్శి దగ్గరి ఒక పల్లెలో అత్త, పెళ్లై ఇరవై రోజులైన కోడలు మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. అత్త ఏదో పాట సన్నగా పాడుకుంటోంది. పంట ఇంటికొచ్చాక చర్చిలో జరిపే కోతపండుగకు క్వయర్‌ బృందం పాడే పాటలు ఎంచే పని ఈ ఏడు కోడలికి వచ్చింది.

“తొడిమ తియ్యమ్మా, కాయ తుంపకు.”

“అత్తయ్యా, కోతపండుగకి కీర్తన దొరికింది. రెండోది జానపదం కావాలి. ఈసారి మీరూ పాడాలి.”

“నేనా? కళ్లజోడు లేకుండా పుస్తకం ఎట్టా చూస్తా? ఎప్పుడూ ఇంట్లో మర్చిపోతా.”

“మీకసలు కళ్లజోడే లేదంట. మీ అబ్బాయి చెప్పారు.”

“వాడికి నోరాగదు! చదువు రాదని అందరి ముందు ఎట్టా చెప్పను? అందుకే ఇన్నేళ్లూ చివర కూర్చుని ఊరికే పెదాలు కదిలించా.”

“ఇందాకటి నుంచి పాడుతున్నారే, అదేంటి?”

“అదా? మిరపకోత పాట. ముందు నేనంటా, ఆడాళ్లంతా అందుకుంటారు. మాటలు అప్పటికప్పుడు కట్టుకోవడమే.”

“అయితే పంట ఇచ్చిన దేవుడి మీద కట్టండి. ఎవరికీ పుస్తకం అక్కర్లేదు!”

“పాస్టరుగారు ఒప్పుకోవద్దా?”

“కోత పాట ఒకటి పెడతానని నిన్ననే అడిగా. సరేనన్నారు.”

“అయినా ఊరికే నిలబడితే నాకు మాట తోచదే. చేతిలో కాయ ఉండాలి.”

“బుట్టలు పెడతాను. అందరం కూర్చుని తొడిమలు తీస్తూ పాడదాం.”

“పిచ్చిపిల్లా, ఘాటుకి చర్చంతా తుమ్ముద్ది!”

“తుమ్మనీయండి. తాళం కలుస్తుంది.”

అత్త నవ్వి, ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది.

“సరే, ముందు నేనంటా. నువ్వు అందుకో.”