కుంకుమ పెట్టని మిషన్

"అవ్వా, ఈ కుట్టు మిషన్ మీద ముందు టీవీ పెట్టింటిరంట గదా, అమ్మ చెప్పె. నిజమేనా?"

నిజం కాకేం. ఆ చెక్క మీద చూడు, నల్లగ నాలుగు మచ్చలు ఉండాయి. టీవీ కాళ్ల గుర్తులవి. ఫోను ఆడ కిటికీ దగ్గర పెట్టొద్దు, లారీల శబ్దమొస్తే నా మాట రికార్డులో సరిగ్గ పడలేదంటావు మల్ల. ఈడ పెట్టు. ఊ, చెప్తా. తొందర పెట్టొద్దు, ఒకటి చెప్తాంటే ఇంకొకటి గుర్తొస్తాది నాకు, దాన్నీ చెప్పాల.

మాది బళ్లారిలో కౌల్ బజార్. గొత్తా, తెలుసునా నీకు, మా సందులో పొద్దున కోడి కన్నా ముందు మిషన్లు లేస్తాండె. అన్నీ జీన్స్ ప్యాంట్లు కుట్టే ఇండ్లే. మా అమ్మ నడుము పట్టీలు కుట్టేది, నేను జేబులు. కాదు, మొదట దారాలు కత్తిరించేది, జేబులు ఆమైన. పావలాకు టీ వస్తాండె అప్పుడు, టీ అంటే టీ, ఇప్పటి వేన్నీళ్లు కాదు. పెండ్లయి ఈ సండూరుకు వస్తాంటే మా అమ్మ తన మిషన్‌నే నాతో బండి ఎక్కించె.

మీ తాత అప్పుడు గనుల లారీకి డ్రైవరు. డ్రైవరు పెండ్లాము మిషన్ తొక్కితే ఎవురికేముండాది. వీధిలో లంగాలు, రవికలు అన్నీ నేనే కుడతాంటి. ఆమైన మట్టికి రేటు వచ్చె. మట్టికి, పాపా. కాళ్లకు అంటుకొని ఇంట్లోకొస్తే తిట్టుకుంటా కడుగుతామే, ఆ ఎర్రమట్టికే. దాంట్లో ఇనుము ఉండాదంట, యాడో దేశాల్లో దానికి గిరాకీ అంట. మీ తాత లోను తీసి లారీ తెచ్చె, దాని వెనక ఇంకోటి తెచ్చె. చూస్తాండంగనే మేము ఓనర్లయిపోతిమి. మనిషి మారలేదులే, ప్యాంటు మారె. ఖాకీ పోయి తెల్లది వచ్చె. ఎర్ర దుమ్ము ఊర్లో తెల్ల ప్యాంటు. ఉతికేది నేను గదా, ఆయప్పకేం.

మా అత్తకు, అంటే మీ తాతోళ్ల అమ్మకు, మర్యాద జ్వరం మాదిరి పట్టుకొనె. ఒకసారి ఇంకో ఓనరు ఇంటి ఆడోళ్లు వచ్చిరి. కాఫీ తాగతా మిషన్ చూసి, "ఈడ రవికకు ఎంత తీసుకుంటారమ్మా?" అనిరి. అంతే, అష్టే. వాళ్లు గేటు దాటకముందే మా అత్త మిషన్ తలకాయను చెక్కలోకి మడిచి దుప్పటి కప్పేసె. "ఇంగ దీని శబ్దం ఈ ఇంట్లో వినపడకూడదు" అనె. ఆ వారమే కొత్త టీవీ వచ్చె, తెచ్చి దాని నెత్తిన పెట్టిరి.

ఇద్దరు పిల్లోళ్లు, వంట, ఉతుకుడు. ఇంగ ఎవురు కుట్టేదిలే అనుకుంటి. అనుకొని మరిచే పోతి. సీరియలు చూస్తాంటే కాళ్లు మాత్రం కింద పెడలు మీద ఆడతాండె. "కాలూపొద్దమ్మే, ఇంటికి దరిద్రం" అనేది మా అత్త. కొండలు కొండలే తవ్వి లారీలకెత్తుతాండారు, దానికేం దోషం లేదు. నా కాలు ఊపితే దరిద్రమంట.

అప్పుడు మీ అమ్మకు రెండో క్లాసో, మూడో క్లాసో. పెద్ద అంగడిలో రెడీమేడ్ ఫ్రాకు తెస్తిమి. జరీ, జాలరు, మెరుపులు. లోపలంతా ముండ్లే. పిల్ల గీక్కుంటా ఏడుస్తాండాది. "రేటున్న బట్ట అట్లే ఉంటాది, ఓర్చుకోవాల" అనె మా అత్త. సోమవారం సోమవారం ఆమె గుడికి పోయేది. ఆ సోమవారం ఆమె వీధి మలుపు తిరిగినంక మీ అమ్మా నేనూ టీవీని పట్టుకొని మంచం మీదికి దింపితిమి. నా పాత నూలు చీర చింపి ఫ్రాకు లోపల అస్తరు ఏస్తి. బెల్టు తగిలించి, నూనె చుక్కలేసి, చక్రం తిప్పితే... యెట్ల చెప్పేది తల్లీ. మాటలు మానేసిన చెల్లెలు వచ్చి వెనక నుంచి "అక్కా" అన్నట్ల అయ్యె. చేతులకు అంతా గుర్తుండాది, నేనే మరిచిపోయింటి. ఆ పొద్దు అన్నం మాడిపోయె. ఆ వాసనలోనే కూసోని నవ్వుకుంటాంటి.

అప్పట్నుంచి సోమవారమంటే మాకు హబ్బమే, పండగే. దిండు గలీబులు, సంచులు, మీ మామకు చడ్డీలు. మా అత్త వచ్చే లోపల టీవీ మల్ల యథాప్రకారం. మీ అమ్మ నోరు తెరిస్తే ఒట్టు. గుట్టు దాచేది ఆ పిల్లకు నేనే నేర్పిస్తి. ఇప్పుడు నా దగ్గరే దాస్తాండాది, పోనీ.

అట్లుండంగ దసరా వచ్చె. మా అత్త పాత ఇనుము కొనే గుజిరీ ఆయప్పతో మాట్లాడి పెట్టె. దసరా రోజు పొద్దున వచ్చి మిషన్ ఎత్తుకపోవాల, టీవీకి అద్దాల షోకేసు వస్తాది. మీ తాతకు చెప్తే, "పోనీలే, నీకు కొత్త మిక్సీ తెస్తా" అనె. మిక్సీలో రవిక కుడతానా.

దసరాకు ముందు దినం ఆయుధ పూజ. మన దిక్కు తెలుసు గదా, పనిముట్లకు కుంకుమ పెట్టినంక మరుసటి పొద్దు దాకా ముట్టకూడదు. మా అత్త పళ్లెం పట్టుకొని ఇల్లంతా తిరిగె. లారీలకు, కత్తిపీటకు, మిక్సీకి, కత్తెరకు, సూదుల డబ్బాకు. టీవీకి, దాని రిమోటుకు గూడ. "అత్తా, మిషన్‌కు?" అంటి. "అది స్టాండు. స్టాండుకు పూజేందే" అనె.

సరే అని బయటికొస్తిమి. మీ తాత తెల్ల ప్యాంటు ఏసుకొని లారీ ముందర గుమ్మడికాయ కొట్టాల. ఆ ప్యాంటు బిగువని అంగడిలోనే చెప్తి. "ఏసుకుంటా ఉంటే వదులవుతాది" అన్నాడంట అమ్మేటాయన. గుమ్మడికాయ తలమీదికెత్తి, వంగి నేలకేసి కొట్టె. కాయా పగిలె, ప్యాంటూ పగిలె. వెనక కుట్టు నడుము కాడ్నుంచి కిందికి పరపరమని పాయ.

మధ్యాన్నం లారీ ఓనర్ల సంఘం పూజ. ఆ పొద్దే మీ తాతకు మొదటిసారి వేదిక మీద కుర్చీ. కమిటీ వాళ్లంతా తెల్లవే ఏసుకోవాలని మాట్లాడుకొనింటిరి. ఇంట్లో ఇంగ తెల్ల ప్యాంట్లు లేవా అంటే ఉండాయి, దుమ్ముకు గులాబీ రంగు తిరిగి. మీ తాత టవలు చుట్టుకొని టైలర్ కాడికి నన్ను పంపె. "అక్కా, మిషన్‌కు కుంకుమ పెట్టేసినా. రేపటి దాకా ముట్టను. అన్నను కుర్చీలోంచి లేయద్దని చెప్పు" అనె ఆయప్ప. మా అన్నకు ఫోన్ చేస్తే కౌల్ బజార్‌లో గూడ మిషన్లన్నీ దండలేసుకొని కూసోనుండాయంట. చేత్తో కుడదామంటే మా సూదులకు గూడ పూజ అయిపాయ.

నేను మెల్లగ అంటి, "ఈ ఊర్లో కుంకుమ పెట్టని మిషన్ ఒకటే ఉండాది."

అందరూ టీవీ దిక్కు చూసిరి. మా అత్త మొగం చూడాల. "పండగ దినం మిషన్ తొక్కుతావా" అనె. "అది స్టాండని నువ్వే అంటివి గదత్తా" అంటి. మీ తాత టీవీని ఎత్తి పక్కన పెట్టె. టవలుతో ఉన్న ఓనరు పెండ్లాము మాట తొందరగ వింటాడు.

తలకాయ పైకి తీస్తి. దారం ఎక్కించే ఉండాది, నూనె ఏసే ఉండాది. కాలు పెడితే జలజలమని పోతాండాది. మా అత్త పక్కనే నిలబడి చూస్తాండాది. "ఇన్నేండ్లు మూలపడిన మిషన్ ఇంత నున్నగ యెట్ల తిరుగుతాందమ్మే?" అనె. మీ అమ్మ నన్ను చూసె, నేను మీ అమ్మను చూస్తి. "ఏమో అత్తా, అమ్మవారి మహిమ" అంటి.

ఆ మాట అనకుంటే సరిపోతాండె. ఆమె కండ్లల్లో నీళ్లు తిరిగె. బిరబిర లోపలికి పోయి పళ్లెం తెచ్చె. నేను సగం కుట్టులో ఉండా, "అత్తా, నిలువు" అనేలోపల మిషన్‌కు పసుపు, కుంకుమ, పూలు, హారతి, అంతా అయిపాయ. "తప్పయిపాయ తల్లీ" అని చెంపలేసుకొని, నా కాలు పెడలు మీద నుంచి తీయించె. "ఇంగ రేపటి దాకా ముట్టద్దు" అనె.

మీ తాత ఒకసారి ప్యాంటును చూసె, ఒకసారి అమ్మవారిని చూసె. పంచె కట్టుకొని పాయ. వేదిక మీద అందరూ తెల్ల ప్యాంట్లు, ఈయన ఒక్కడే పంచె. మన సంస్కృతిని మరవని ఓనరని మైకులో పొగిడిరంట. మరు సంవత్సరం కమిటీ అంతా పంచెలే.

దసరా పొద్దున గుజిరీ ఆయప్ప తక్కెడ తీసుకొని వచ్చె. నేను వంటింట్లోనే నిలబడితి. మా అత్త గడప కాడనే ఆపి, "అమ్మవారిని తక్కెట్లో ఎక్కిస్తావారా" అని తిట్టి, చెంబు నీళ్లు, ఇన్ని మండక్కి బొరుగులు ఇచ్చి పంపించె. నేను కుంకుమ తుడిచి, సగంలో నిలిచిన కుట్టు పూర్తి చేస్తి. మీ తాత మల్ల ఆ ప్యాంటు ఏసుకోలేదనుకో, అది వేరే మాట. శుక్రవారం వద్దు, అమాస వద్దు అని మా అత్త నియమాలు పెట్టె. పెట్టనీ, మిగతా దినాలు నావే గదా. కొన్నాళ్లకు ఆమే ఒక రవిక గుడ్డ తెచ్చి మిషన్ మీద పెట్టి పాయ.

ఏందట్ల నవ్వుతావు. లే, ఇట్ల తిరుగు, చేతులెత్తు, నీ రవికకు కొలత తీస్తా. కాగితం మీద అంకెలు రాసుకోవద్దు, నా చేతికి తెలుస్తాది. లోపల గుడ్డ ఎక్కువే వదిలిపెడతాండా. నువ్వు బాగ తిని, ఒళ్లు చేసి, ఇల్లూ పిల్లోళ్లూ అయినంక దీన్ని వదులు చేయమని మల్ల నా దగ్గరికే రావాల తల్లీ. అప్పటి దాకా నా కండ్లు బాగుంటే చాలు... ఊ, ఊపిరి బిగబట్టొద్దు, వదులు.